కరిగితేనే అసలుది

గజ్జలకోట సంస్థానం ఉన్న రోజుల్లో దానికి ఒక ఏనుగూ, ఒక ఫిరంగీ, సొంత తపాలా బిళ్ళలూ ఉండేవి. ఏనుగు కాలం చేసింది. ఫిరంగిని మునిసిపాలిటీవాళ్ళు బస్టాండు ముందు పెట్టి సున్నం కొట్టారు. మిగిలినవి బిళ్ళలు. వాటిని కాపాడడానికి ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక సంస్థను నెలకొల్పింది కాబట్టి ఇప్పుడు అవీ లేవు. ఆ లేకపోవడంలో ముద్దాడ అప్పలసూరి, ఎం.ఏ., వహించిన పాత్ర చిన్నది కాదు.

అప్పలసూరి వాళ్ళ వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. తల్లి పైడమ్మ జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొట్టి, వేళ్ళు నల్లబడేలా పనిచేసి చదివించింది. అతను చదివింది చరిత్ర. చదివిందల్లా నిజమని నమ్మేవాడు. అడిగినవాళ్ళకు తెలిసిందంతా చెప్పేసేవాడు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో చేరితే ఆఫీసుకు ప్రమాదమని యూనివర్సిటీలో ఎవరూ అతన్ని హెచ్చరించలేదు.

రాష్ట్ర పురాతన తపాలా బిళ్ళల నిర్ధారణ సంస్థ ఇంటర్వ్యూలో సంచాలకులు డాక్టర్ తాతిరాజు విశ్వంభరం గారు అడిగిన ప్రశ్న ఒక్కటే. గజ్జలకోట అసలు బిళ్ళను ఎలా గుర్తిస్తావు?

అప్పలసూరి ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాడు. అసలు బిళ్ళలు రాజావారి తోటలోని అచ్చుగదిలో, చేత్తో చేసిన కాగితం మీద, ఆకుపసరు కలిపిన రంగుతో కొట్టినవి. సంస్థానం తపాలా మూతపడ్డాక దొరలు పాత బిళ్ళల కోసం ఎగబడితే దివాను గారు ఆ పాత అచ్చుదిమ్మలతోనే మిల్లు కాగితం మీద మళ్ళీ అచ్చు వేయించారు. అవి పునర్ముద్రణలు. దివాను గారి సంపాదన చూసి కడుపు మండిన బజారు ప్రెస్సువాడొకడు దిమ్మ కూడా తనే చెక్కించి కొట్టాడు. అవి నకిలీలు. అసలుదాన్ని వెలుతురుకు పట్టి చూస్తే కాగితంలో నాగటి చాళ్ళలాంటి చారలు కనిపిస్తాయి. బిళ్ళ మీది గజ్జె బొమ్మలో కింది మువ్వ దగ్గర దిమ్మ చీలిన సన్నని గీత ఉంటుంది. పునర్ముద్రణ నాటికి ఆ చీలిక పెరిగి గీత లావెక్కింది. నకిలీలో గీతే ఉండదు. ప్రెస్సువాడు అది లోపమనుకుని సరిదిద్దేశాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. విశ్వంభరం గారు అప్పటికే కునికిపాట్లు పడుతున్నారు. తెలిసింది దాచుకోవడం అప్పలసూరికి చేతకాదు.

"ఇంకొకటి కూడా ఉంది సార్. అసలుదాని రంగు నీళ్ళలో కరిగిపోతుంది. మిగతావి కరగవు."

విశ్వంభరం గారు కళ్ళు తెరిచారు.

"ఏమన్నావు?"

"కరిగిపోతుంది సార్."

"అదీ," అన్నారాయన పక్కనున్న సభ్యులవైపు తిరిగి. "చాళ్ళు, గీతలు, మువ్వలు... ఇవన్నీ అభిప్రాయాలు. కరగడమన్నది శాస్త్రం. మనకు కావలసింది శాస్త్రీయ దృక్పథం."

"కానీ సార్, కరిగితే బిళ్ళ పోతుంది కదండీ."

"పోయేది వస్తువయ్యా. మిగిలేది నిర్ధారణ. బయట బోర్డు చదివావా? నిర్ధారణ సంస్థ. పరిరక్షణ శాఖ పై అంతస్తు. వాళ్ళ పనిలో మనం వేలు పెట్టకూడదు."

అప్పలసూరికి ఉద్యోగం వచ్చింది. తాత్కాలిక నిపుణుడు. సంచాలకుల వారికి తృప్తి కలిగినప్పుడు పర్మినెంటు. ఆ సాయంత్రం ఫోనులో పైడమ్మ అడిగింది. "ఏట్రా నీ ఉజ్జోగం? ఏటి సెయ్యాల?"

"ఏది అసలుదో ఏది కాదో చెప్పాలమ్మా."

"అంతేనా? అది మన సంతలో అందరూ సెప్తారు. దానికి జీతవిస్తారేట్రా?"

మొదటి నీటి పరీక్ష సంస్థ సొంత ఆల్బమ్ మీదే జరిగింది. పరీక్షకు ప్రత్యేకంగా తెప్పించిన స్టీలు బేసిన్‌కు "జలనిర్ధారణ పాత్ర" అని పేరు పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. అటెండరు సన్యాసిరావు నీళ్ళు పోశాడు. విశ్వంభరం గారు స్వహస్తాలతో అర్ధణా ఆకుపచ్చ బిళ్ళను జారవిడిచారు. చూస్తుండగానే గజ్జె బొమ్మ మసకబారి, మువ్వలు ఒక్కొక్కటే కరిగి, నీళ్ళు లేత ఆకుపచ్చగా మారాయి. అడుగున తెల్లటి కాగితం ముక్క మిగిలింది.

"అసలుదే," అన్నారు విశ్వంభరం గారు గద్గదంగా. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పలసూరి కూడా కొట్టాడు. ఎం.ఏ.లో చదివింది కళ్ళెదుట రుజువైందన్న ఆనందం ఒకవైపు, ఏదో తప్పు జరుగుతోందన్న అనుమానం ఇంకోవైపు. రెండు చేతులూ కలిస్తేనే కదా చప్పట్లు. సాయంత్రానికి ఆల్బమ్ ముందు పేజీల్లోని బిళ్ళలన్నీ వరసగా అసలువని తేలిపోయాయి. ఎక్కడికక్కడ ఖాళీలు మిగిలాయి. ఆ ఖాళీల్లో "ఇందున్న బిళ్ళ అసలైనదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అన్న చీటీలు అతికించారు. చివరి పేజీల్లో ఉన్న పునర్ముద్రణలూ, నకిలీలూ మాత్రం స్నానం చేసి, ఆరి, నిగనిగలాడుతూ తమ స్థానాల్లోకి తిరిగి వచ్చాయి.

"బాబూ," అన్నాడు సన్యాసిరావు బేసిన్ ఎత్తుతూ, "ఈ నీల్లు మొక్కలకి పోసీమంటారా?"

ఆ మాట విశ్వంభరం గారి చెవిన పడింది. "మూర్ఖుడా, అది నీరు కాదు, సాక్ష్యం. రేపు ఆడిట్‌వాళ్ళు వచ్చి అసలు బిళ్ళలేవయ్యా అంటే ఏం చూపిస్తాం?"

ఆ విధంగా సీసాలు వచ్చాయి. ఒక్కో బిళ్ళ తాలూకు నీళ్ళు ఒక్కో సీసాలో పోసి, మూతకు లక్క ముద్ర వేసి, వరుస సంఖ్య అంటించారు. ఆకుపచ్చ నీళ్ళు అర్ధణా, ఎర్ర నీళ్ళు అణా, నీలం నీళ్ళు రెండణాలు. సంస్థ మ్యూజియం నడిమి హాలుకు "అసలు బిళ్ళల గది" అని బోర్డు పెట్టి, సీసాలను అద్దాల బీరువాల్లో అమర్చి, తుపాకీ ఉన్న కాపలావాణ్ణి నిలబెట్టారు. ఎండకు రంగు వెలిసిపోతుందని కిటికీలు మూయించారు. వేసవిలో ఒక సీసాలో దోమలు గుడ్లు పెట్టాయి. దాని మీద విచారణ సంఘం వేశారు.

రాజధాని నుంచి వచ్చిన పెద్దలు సీసాలు చూసి ముగ్ధులయ్యారు. బిళ్ళలు చూసి ఎవరూ ఇంతగా ముగ్ధులు కాలేదు. ఆ ఊపులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గజ్జలకోట బిళ్ళలున్న పౌరులందరూ వాటిని సంస్థకు సమర్పించాలి. నిపుణుడు ముందు కంటితో చూస్తాడు. నకిలీ అని రాస్తే వెనకాల ముద్ర వేసి సొంతదారుకు తిరిగి ఇచ్చేస్తారు. అసలుది కావచ్చునని రాస్తే నీటి పరీక్ష. సమర్పించనివాళ్ళ బిళ్ళలను జప్తు చేసి, నేరుగా నీటి పరీక్ష. ఉత్తరం కవరు మీద బిళ్ళ అంటించి ఉంటే దాన్ని ఊడదీయరాదు, వారసత్వ సంపదను విడదీయడం నేరం కనుక కవరు మొత్తాన్నీ నానబెట్టాలి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు కనిపెట్టినవాడు అప్పలసూరి, వేయాల్సినవాడూ అప్పలసూరే. అతను భూతద్దం పెట్టి చూసేవాడు. కింది మువ్వ దగ్గర సన్నని గీత కనిపించేది. చేయి దానంతటదే "అసలుది కావచ్చు" అని రాసేది. నిజం కాబట్టి రాసేది. సన్యాసిరావు వచ్చి తీసుకుపోయేవాడు. కాసేపటికి తలుపు సందులోంచి తల పెట్టి, "ఇది కూడా అసలుదేనండి బాబూ. ఎల్లిపోనాది," అనేవాడు. సొంతదారుకు ప్లాస్టిక్ తొడుగు వేసిన ధ్రువపత్రం ఇచ్చి, నమస్కారం పెట్టి పంపేవాళ్ళు.

జనం వెర్రివాళ్ళు కాదు. నెల తిరిగేసరికి వరండాలో కూర్చున్నవాళ్ళందరి నోటా ఒకటే మాట. రిటైరైన స్టేషన్ మాస్టరొకాయన అప్పలసూరి గడ్డం పట్టుకున్నాడు. "నాయనా, మా తాత మహా మోసగాడు. ఈ బిళ్ళ కచ్చితంగా దొంగదే. నకిలీ అని రాయి, నీకు పుణ్యముంటుంది."

"గీత ఉందండీ," అన్నాడు అప్పలసూరి నీరసంగా.

"నాకు కనపడ్డం లేదు."

"నాకు కనపడుతోందండీ."

"నీ కళ్ళు పాడుగాను," అన్నాడాయన మనస్ఫూర్తిగా.

ఇలా ఉండగా వరూధిని టీచరు వచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చేతిసంచీలోంచి తెల్లగుడ్డ మూట తీసి విప్పింది. లోపల పసుపు పచ్చబడిన కవరు. మూల మీద అర్ధణా ఆకుపచ్చ బిళ్ళ. దాని మీద గజ్జలకోట తపాలా ముద్ర. మధ్యలో వంకరటింకరగా, ఒక్కో అక్షరం ఒక్కో సైజులో చిరునామా. కింద "పంపినది: సోదెమ్మ."

"మా నాయనమ్మ," అంది టీచరు. "ఆడపిల్లలకు అక్షరాలెందుకని వాళ్ళింట్లో బలపం కూడా ముట్టనిచ్చేవాళ్ళు కాదట. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన చేటలో బియ్యం ఏరుతూ, ఆ బియ్యంలోనే వేలితో దిద్దుకుని నేర్చుకుంది. ఆ తమ్ముడు పట్నం వెళ్ళాక ఎవరికీ తెలియకుండా రాసి పోస్టులో వేసిన మొదటి ఉత్తరం ఇది. లోపలి కాగితం ఎప్పుడో పోయింది. ఆవిడ చేతిరాత ఈ భూమ్మీద మిగిలింది ఇదొక్కటే."

అప్పలసూరికి భూతద్దం తీయాల్సిన పని కూడా లేకపోయింది. సన్నని గీత మామూలు కంటికే కనిపిస్తోంది. అతను అలాంటి కవరు పుస్తకాల్లో కూడా చూడలేదు. ఇది బేసిన్‌లో పడితే బిళ్ళ ముందు పోతుంది, సిరా వెనకాల పోతుంది, సోదెమ్మ ఆఖరున పోతుంది. తర్వాత ఆమెను ఒక సీసాలో పోసి మూత బిగిస్తారు.

అతను లేచి తలుపు వేసి వచ్చాడు. "టీచర్ గారూ, నేను దీన్ని నకిలీ అని రాస్తాను."

"ఏం, నకిలీదా?"

"కాదండీ. అసలుదే. అందుకే."

టీచరు కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "సరైన జవాబుకి తప్పు పెడతానంటున్నావా?"

"పెట్టకపోతే పలకే చెరిపేస్తారండీ."

"చెరిపితే చెరపనీ. మా నాయనమ్మ దొంగ బిళ్ళ అంటించిందన్న ముద్ర వేసుకుని నేను ఇంటికి పోవాలా? ఆవిడ ఆ అర్ధణా ఎలా సంపాదించిందో తెలుసా నీకు? తలకు రాసుకునే నూనె ఇవ్వమని అడిగి, రాసుకోకుండా పక్కింటావిడకి అమ్మింది."

"తెలియదండీ."

"మరి?"

అప్పలసూరి కవరును బల్ల మీద మెల్లగా ఆమె వైపు జరిపాడు. "అసలుదని మీకు తెలుసు, నాకు తెలుసు. కాగితం మీద కూడా ఉండాలంటే కవరు ఉండదండీ. ఈ రూలుకు మూలం నేనే. ఇంటర్వ్యూలో గొప్పకి పోయి చెప్పాను. అడగను కూడా అడగలేదు వాళ్ళు."

టీచరు అతన్ని ఎగాదిగా చూసింది. తరగతిలో చెయ్యెత్తి అడగని జవాబులు చెప్పే పిల్లలను ఆమె చాలామందిని చూసింది. ముందు బెంచీలో కూర్చుంటారు. వాళ్ళ మీద జాలిపడాలో మొట్టికాయ వేయాలో తేల్చుకోవడం కష్టం.

"రాయి," అంది చివరికి. "నేను గోడవైపు తిరుగుతాను. నా కళ్ళముందు మాత్రం రాయకు."

అప్పలసూరి రాశాడు. జీవితంలో అతను తెలిసి రాసిన మొదటి తప్పు అది. కలం రెండుసార్లు జారింది. అబద్ధం రాయడం కూడా ఒక చదువేనని, దానికి తను ఫీజు కట్టలేదని అతనికి అప్పుడు తెలిసింది.

అనుభవం లేనివాడు చేసిన దొంగతనం ఎప్పుడూ దొరుకుతుంది. వెనకాల ముద్ర వేయించడానికి కవరు విశ్వంభరం గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి, మళ్ళీ తిప్పి, అప్పలసూరిని పిలిపించారు.

"ఇది నకిలీయా?"

"అవును సార్."

"చాళ్ళున్నాయి. గీత ఉంది. అన్నీ ఉన్నాయి. అయినా నకిలీ. ఎంత అద్భుతమైన నకిలీ!" ఆయన కళ్ళు చెమర్చాయి. "ఇటువంటిదాన్ని ఇంటికి పంపిస్తామా? ప్రజల్లో అవగాహన పెంపొందించాలి. ఉత్తమ నకిలీల ప్రదర్శనశాల అని ఒకటి ప్రారంభిద్దాం. సీసాల పక్క హాలు ఖాళీగానే ఉంది. సొంతదారు పేరిట శాశ్వత అరువు."

"సార్, నకిలీని తిరిగి ఇచ్చేయాలని రూలుంది కదండీ."

"సాధారణ నకిలీని. ఇది విశిష్ట నకిలీ. ఈ పూటే సవరణ జారీ చేస్తున్నాను." ఆయన కలం తీశారు. "ప్రతి ప్రదర్శన వస్తువు దగ్గరా నకిలీకర్త పేరు ఉండాలి. కర్త లేని నకిలీ ఉండదు. కర్త ఎవరో తెలియకపోతే అది నకిలీ అనడానికి ఆధారం లేదు, అటువంటిదాన్ని నీటి పరీక్షకు పంపాల్సిందే. ఇక్కడ ఆ ఇబ్బంది లేదులే. పేరు కవరు మీదే ఉంది." ఆయన దగ్గరగా పెట్టుకుని చదివారు. "సోదెమ్మ. నకిలీకర్త: సోదెమ్మ. రాసేయ్."

టీచరు గోడవైపు తిరిగి నిలబడిన వీపు అప్పలసూరి కళ్ళముందు మెదిలింది. సోదెమ్మ పేరు రాస్తే కవరు బతుకుతుంది, ఆమె దొంగగా అద్దాల పెట్టెలో శాశ్వతంగా నిలబడుతుంది. రాయకపోతే బేసిన్.

"ఆవిడ కాదు సార్."

"మరెవరు?"

"నేను."

సన్యాసిరావు టీ గ్లాసు పెట్టబోయి అలాగే ఉండిపోయాడు.

"నువ్వా? ఈ ముద్ర మీద తేదీ చూస్తే మీ తాత కూడా పుట్టి ఉండడు."

"అదే సార్, నకిలీ కదండీ."

విశ్వంభరం గారు ఆలోచించారు. ఆ తర్కంలో ఆయనకు ఏ లోపమూ కనిపించలేదు. "ఎప్పుడు చేశావు?"

"ఉద్యోగంలో చేరకముందు."

"అయితే సర్వీసు నిబంధనలు వర్తించవు," అన్నారాయన ఊరటగా. "చేతిరాత కూడా నీదేనా?"

ఇక్కడ ఇంకొక్క అబద్ధం ఆడితే సరిపోయేది. కానీ ఆ వంకర అక్షరాలు, వాటి వెనకున్న చేట, బియ్యం గుర్తొచ్చి అప్పలసూరికి నోరు రాలేదు. "అక్షరాలు మాత్రం ఆవిడవే సార్. బిళ్ళ ఒక్కటే నాది."

"రాసేయ్," అన్నారు విశ్వంభరం గారు. "మిశ్రమ నకిలీ."

ఉత్తమ నకిలీల ప్రదర్శనశాల ప్రారంభోత్సవానికి ఊరంతా వచ్చింది. పునర్ముద్రణలూ, బజారు ప్రెస్సు బిళ్ళలూ మఖమలు గుడ్డ మీద కొలువుదీరాయి. నడిమి పెట్టెలో కవరు. విశ్వంభరం గారు మైకు అందుకున్నారు.

"సోదరసోదరీమణులారా. మన రాష్ట్రంలోని అసలు బిళ్ళలన్నింటినీ నూటికి నూరుపాళ్ళు నిర్ధారించిన ఘనత మన సంస్థది. గత కొన్ని వారాలుగా ఒక్క అసలు బిళ్ళ కూడా రాలేదంటే మన పని ఎంత సమగ్రంగా జరిగిందో గ్రహించండి. అయితే ఆల్బమ్‌లలో కొన్ని ఖాళీలు ఏర్పడ్డాయని గిట్టనివాళ్ళు అంటున్నారు. వాటిని పూరించడానికి మన యువ నిపుణుడు అప్పలసూరి సేవలను వినియోగించుకోబోతున్నాం. ఇంత చక్కని నకిలీ చేయగలిగినవాడు అసలువి చేయలేడా? అతన్ని నేటి నుంచి పర్మినెంటు చేస్తూ, స్వదేశీ నకిలీల విభాగానికి అధిపతిగా నియమిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. దండ పడింది. బొమ్మ గీయడం ఏనాడూ రాని అప్పలసూరి, ఆకుపసరు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తూ నమస్కారం పెట్టాడు. ఇదే సంస్థ తను చేసినవాటిని కూడా ఏదో ఒకనాడు నానబెడుతుందని, అవి కరగాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలని అతనికి తోచింది.

పైడమ్మ తొలి బస్సుకే వచ్చింది. దండ వేసుకున్న కొడుకును దూరం నుంచి చూసి, జనం పలచబడ్డాక నడిమి పెట్టె దగ్గరికి చేరింది. అక్కడ వరూధిని టీచరు నిలబడి ఉంది. అద్దం లోపల చీటీ మీద అచ్చక్షరాల్లో ఉంది: నకిలీకర్త, ముద్దాడ అప్పలసూరి, ఎం.ఏ. చేతిరాత, సోదెమ్మ.

"అమ్మా, సదువుకున్నోరిలాగున్నారు," అంది పైడమ్మ. "మా వోడి పేరు ఇక్కడే ఉందన్నారు. ఏటి రాసున్నాదో సదివి పెడతారా?"

అప్పలసూరి అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. టీచరు చీటీ వైపు చూసింది. అతని వైపు చూసింది. పైడమ్మ చూపుడువేలు పక్క పెట్టె అద్దం మీద, ఎవరో ప్రెస్సువాడి పేరు కింద, భక్తిగా ఆనించి ఉంది. ఆ వేలును టీచరు నెమ్మదిగా పట్టుకుని సరైన చోటికి జరిపింది.

"ముద్దాడ అప్పలసూరి, ఎం.ఏ.," అని గట్టిగా చదివింది. "దీన్ని కాపాడినవాడు."

పైడమ్మ మొహం వెలిగిపోయింది. "అలాగే రాసున్నాదా?"

"అక్షరం పొల్లుపోకుండా."

"మరి రాయరేటి? సిన్నప్పట్నించీ అంతే అమ్మా ఆడు. ఒక్క అబద్దవాడడం రాదు ఆడికి."

టీచరు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అప్పలసూరి వైపు చూడకుండానే అంది:

"మీరేం బెంగపడకండి. ఇప్పుడిప్పుడే వస్తోంది."